మంటా? నిప్పులా? (గ్యాస్ గ్రిల్లు, మూడు ఊళ్ళ పొయ్యిలు)

పోయినేడు జూలై 4న మా పెరట్లో జరిగిన ఘోరం గురించి ముందు చెప్పాలి. ఉండేది డాలస్ పక్కన ఒక సబర్బ్. అపార్టుమెంటు వదిలి అద్దె ఇంటికి మారిన కొత్త. పెరడు వచ్చింది, పెరట్లో గడ్డి వచ్చింది, గడ్డి కోసే బాధ్యత కూడా వచ్చింది. ఇన్ని వచ్చాక గ్రిల్లు ఒకటి లేకపోతే బాగోదని మూడు బర్నర్ల గ్యాస్ గ్రిల్లు కొన్నా. డబ్బా విప్పి బిగించటానికి ఒక శనివారం మొత్తం పట్టింది. చివర్లో రెండు బోల్టులు మిగిలాయి. అవెక్కడివో ఇప్పటికీ తెలీదు :-)

టీమ్‌లో పదిమందిని పిలిచా. ముందురోజు రాత్రే కోడి కాళ్ళకి పెరుగు, అల్లం వెల్లుల్లి, కారం, గరం మసాలా, ఇంకా (ఏదో వీడియోలో చెప్పాడని) రెండు చెంచాల చక్కెర పట్టించి ఫ్రిజ్‌లో పెట్టా. మర్నాడు మూడు బర్నర్లూ ఫుల్లుగా తిప్పి, కాళ్ళన్నీ వరసగా పేర్చా. ఒక్క నిమిషం సుయ్యిమంది. తర్వాత భగ్గుమంది. ఎనిమిది నిమిషాల్లో పైన బొగ్గు. ఒకటి కోసి చూస్తే లోపల ఎముక పక్కన ఎర్రగా రక్తం. "మీడియం రేర్ చికెన్ ఇదే మొదటిసారి చూడటం" అన్నాడు పక్క క్యూబికల్ అతను. చివరికి అందరం పిజ్జా తెప్పించుకుని తిన్నాం.

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేసి చెప్పుకున్నా. అమ్మ ఓదార్చలేదు. ఒకటే ప్రశ్న అడిగింది.

"మంట మీద పెట్టినవా, నిప్పుల మీద పెట్టినవా?"

"గ్యాస్ అమ్మా. ఇందులో నిప్పులుండవు."

"నిప్పుల్లేకుండ కాలుస్తరారా ఎవరన్నా?" అని ఫోన్ నాన్నకిచ్చేసింది.

అప్పుడు నవ్వుకున్నా కానీ ఆ ప్రశ్న వదల్లేదు. ప్రొడక్షన్ పడిపోయినప్పుడు సీనియర్ వచ్చి లాగు చూడకుండానే "డేటాబేసా? నెట్‌వర్కా?" అని అడుగుతాడు చూడండి, సగం జవాబు ఆ ప్రశ్నలోనే ఉంటుంది. అమ్మ ప్రశ్న కూడా అలాంటిదే. ఆ తర్వాత సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు దాని వెంట పడ్డా. మా ఇల్లు కోదాడ దగ్గర ఒక పల్లె. అమ్మమ్మ వాళ్ళది మిర్యాలగూడ వైపు. బాబాయ్ ఉండేది సూర్యాపేటలో. మూడు చోట్లా మూడు రకాల నిప్పు చూశా. ఇది ఆ కథ. గ్రిల్లు పాఠం కూడా అందులోనే ఉంది.

*

ముందు మాటల సంగతి. మన భాషలో నిప్పుకి ఎన్ని పేర్లో లెక్కపెట్టారా ఎప్పుడైనా? పైకి లేచేది మంట. మంట తగ్గాక మిగిలేవి నిప్పులు. నిప్పుల మీద పల్చగా కప్పుకునే తెల్లటి పొర నివురు. చల్లారితే బూడిద. సగం కాలి చివర మండుతున్న కట్టె కొరివి. చెయ్యి పెట్టకుండానే దూరం నుంచి తగిలేది సెగ. కోపంతో ఎర్రబడ్డ కళ్ళని చింతనిప్పులంటాం. ఎందుకంటే చింతకట్టె నిప్పులు గట్టివి, తొందరగా ఆరవు. లోపల రగులుతూ పైకి కనపడని కోపాన్ని నివురు గప్పిన నిప్పు అంటాం. సామెతల్లో, కథల్లో వాడుకుంటున్నాం కానీ ఇవన్నీ పొయ్యి దగ్గర పుట్టిన మాటలు. ఒక్కో మాట ఒక్కో వేడి. వంట చేసేవాళ్ళు ఏ పని ఏ వేడి మీద చెయ్యాలో ఆ మాటల్లోనే చెప్పుకునేవాళ్ళు.

మన తరానికి మిగిలినవి రెండే, 'హై', 'సిమ్'. నేను జూలై 4న వాడింది అందులో ఒకటి.

*

కోదాడ: నిప్పుల పాఠం

మా ఇంట్లో వంటకి గ్యాసే. కానీ చలికాలం స్నానాలకి నీళ్ళు కాగబెట్టే కట్టెల పొయ్యి మాత్రం పెరట్లో ఇంకా ఉంది. కనుమ రోజు పొద్దున అమ్మ దాని దగ్గరే నాకు క్లాసు పీకింది.

నాటుకోడిని ఈకలు పీకాక ముందు మంట మీద తిప్పుతారు. అది ఉడకటానికి కాదు, సన్న వెంట్రుకలు పోవటానికి, తోలు బిగవటానికి, కాస్త కాలిన వాసన పట్టటానికి. దానికి కంది కట్టె చాలు. భగ్గున లేస్తుంది, టక్కున ఆరిపోతుంది. తర్వాత పసుపు రాసి కడిగి ముక్కలు కొడతారు. ఆ ముక్కల్ని కాల్చుకుని తినాలంటే మాత్రం కంది కట్టె పనికిరాదు. తుమ్మ మొద్దులు వెయ్యాలి, మంట పూర్తిగా పోయేదాకా ఆగాలి, నిప్పులు నివురు పట్టాలి. అప్పుడు అమ్మ ఏం చేసిందంటే, కర్రతో నిప్పుల్ని పొయ్యిలోంచి బయటికి లాగి, ఒక పక్క దట్టంగా, ఇంకో పక్క పల్చగా పరిచింది. చువ్వకి గుచ్చిన ముక్కల్ని ముందు పల్చటి వైపు పెట్టింది. అక్కడ చాలాసేపు ఉంచింది. చివర్లో మాత్రం దట్టంగా ఉన్న వైపు రెండు నిమిషాలు తిప్పింది.

"మంట తోలుకు, నిప్పులు కండకు," అంది అంతే.

దీన్నే ఇంగ్లీషు గ్రిల్లింగ్ పుస్తకాల్లో టూ జోన్ కుకింగ్ అని పెద్ద అధ్యాయం రాస్తారు. నేను ఆ అధ్యాయం చదివా కూడా. బుర్రకెక్కలేదు. కర్రతో నిప్పులు లాగటం చూశాక ఎక్కింది.

ఇది అమ్మ కనిపెట్టిందేం కాదు. 12వ శతాబ్దం మొదటి సగంలో, కళ్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి పేరుతో వచ్చిన మానసోల్లాసం అనే సంస్కృత గ్రంథంలో రాజుగారి భోజనం మీద ఒక భాగం ఉంది. మాంసాన్ని మసాలాలు పట్టించి, చువ్వలకి గుచ్చి, నిప్పుల మీద కాల్చే వంటకాలు అందులో ఉన్నాయి. కళ్యాణి అంటే ఇప్పటి బీదర్ జిల్లా బసవకల్యాణ్. మనకేం సంబంధం అంటారా? నల్గొండ పక్కనున్న పానగల్లు కేంద్రంగా ఏలిన కందూరు చోళులు ఆ చాళుక్యులకి సామంతులే. అంటే కెబాబ్ అనే మాట మన దాకా రాకముందే, ఈ నేల మీద పెద్దరికం చేసిన రాజుల వంటింట్లో నిప్పుల మీద చువ్వలు తిరుగుతూనే ఉన్నాయి. సూర్యాపేట పక్కన పిల్లలమర్రి గుళ్ళు చూడటానికి వెళ్ళేవాళ్ళు అక్కడి శిల్పాలు చూస్తారు, శాసనాలు చూస్తారు. ఆ గుళ్ళు కట్టిన రోజుల్లో ఊళ్ళో మామూలు జనం ఏం కాల్చుకు తిన్నారో ఏ రాయీ చెప్పదు. రాజుగారి పళ్ళెం రికార్డయింది, కూలివాడి కంచం కాలేదు. చరిత్రతో ఎప్పుడూ ఇదే గొడవ.

*

మిర్యాలగూడ: గాలి పాఠం

అమ్మమ్మ వాళ్ళింట్లో మూలన తుప్పు పట్టిన రేకు పొయ్యి ఒకటి కనిపించింది. గుండ్రటి డబ్బా, కింద పక్కన ఒక కన్నం. చిన్నప్పుడు అది బొమ్మ అనుకునేవాణ్ణి. అది ఊక పొయ్యి.

మిర్యాలగూడ కథంతా నీళ్ళ కథ. నాగార్జునసాగర్‌కి 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలవలకి నీళ్ళు వదిలింది. ఎడమ కాలవ (లాల్ బహదూర్ కాలవ) నీళ్ళు మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు పారాక మెట్ట చేలు మాగాణి అయ్యాయి. వరి వచ్చింది, వరి వెనకాల మిల్లులు వచ్చాయి. ఇవాళ దేశంలోనే పేరున్న రైసు మిల్లుల కేంద్రాల్లో మిర్యాలగూడ ఒకటి. వడ్ల బరువులో దాదాపు ఐదో వంతు ఊక. అంత ఊక ఏం చెయ్యాలి? ఉప్పుడు బియ్యం మిల్లుల్లో బాయిలర్లకి కొంత పోతుంది. మిగిలింది ఒకప్పుడు చుట్టుపక్కల ఇళ్ళకి దాదాపు ఊరికే వచ్చేది. ఇప్పుడు ఇటుక బట్టీలు, కరెంటు ప్లాంట్లు కొంటాయి కాబట్టి ఊక ఊరికే రాదు.

ఊక పొయ్యి రాజెయ్యటం అమ్మమ్మ నోటితోనే వినాలి. డబ్బా మధ్యలో ఒక సీసా నిలబెట్టాలి. కింది కన్నంలో ఒక గుండ్రటి కర్ర దూర్చాలి. చుట్టూ ఊక పోసి, గట్టిగా కూరాలి. తర్వాత సీసానీ కర్రనీ మెల్లగా తిప్పుతూ బయటికి లాగితే ఊకలో ఎల్ ఆకారంలో సొరంగం మిగులుతుంది. కింది కన్నంలో నిప్పు పెడితే గాలి కింద నుంచి వెళ్ళి పైనుంచి వస్తుంది. మంట పెద్దగా ఉండదు. లోపలి గోడలు ఎర్రగా రగులుతూ గంటలకొద్దీ ఒకటే సెగ. వేడి తగ్గించాలంటే కింది కన్నానికి ఒక పెంకు అడ్డం పెట్టాలి. పెంచాలంటే పెంకు జరపాలి. అదే నాబ్!

"సరిగ్గ కూరకపోతే?" అని అడిగా.

"గోడ కూలుద్ది. ఇక పొగే పొగ. ఆ పూట అందరికీ పస్తే," అని నవ్వింది.

నిప్పుని కట్టెతో కాదు గాలితో నడపొచ్చని ఆ పొయ్యి చెప్తుంది. గ్రిల్లు మూత కథ కూడా గాలి కథే. అమెరికాలో 1952లో చికాగో దగ్గర జార్జ్ స్టీఫెన్ అనే ఆయన ఇదే చిక్కులో పడ్డాడు. ఆయన పనిచేసే వెబర్ బ్రదర్స్ మెటల్ వర్క్స్ నీళ్ళ మీద తేలే బోయాలు తయారుచేసేది. అప్పట్లో పెరటి గ్రిల్లులంటే మూత లేని పళ్ళేలు. గాలి వీస్తే బూడిద మాంసం మీద, మంట మొహం మీద. ఆయన బోయాలో వాడే లోహపు గోళాన్ని తీసుకుని కింది సగాన్ని గ్రిల్లు చేశాడు, పై సగాన్ని మూత చేశాడు, గాలికి కన్నాలు పెట్టాడు. మూత పడగానే గ్రిల్లు కాస్తా పొయ్యీ బట్టీ రెండూ అయింది. కింద నుంచి సెగ, చుట్టూ వేడి గాలి. చికాగోలో బోయా, మిర్యాలగూడలో ఊక డబ్బా. గాలిని పట్టుకోవటమే రెండిట్లోనూ పని.

నేను జూలై 4న ఏం చేశా? ప్రతి అర నిమిషానికి మూత తీసి చూశా. మూత తీసిన ప్రతిసారీ చుట్టూ ఉన్న వేడి పోయి కింది మంట ఒక్కటే మిగిలింది. లోపల పచ్చి, బయట బొగ్గు కాక ఏమవుతుంది?

*

సూర్యాపేట: దూరం పాఠం

సూర్యాపేట హైదరాబాద్ విజయవాడ రోడ్డు మీద ఉంది. ఒకప్పుడు 9వ నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 65. మనలో ఎంతమంది అమీర్‌పేట కోచింగులకి, క్యాంపస్ ఇంటర్వ్యూలకి ఆ రోడ్డు మీద బస్సుల్లో తిరగలేదు! సూర్యాపేటలో బస్సాగితే టీ తాగి మళ్ళీ ఎక్కటమే తప్ప ఊరు చూసిందెప్పుడూ లేదు. ఈసారి ఆదివారం పొద్దున్నే బాబాయ్‌తో మటన్‌కి వెళ్ళా. కొట్టు పక్కన ఒకాయన సిలిండరు, గొట్టం, చివర ఇనుప గన్ను పట్టుకుని కూర్చున్నాడు. తలకాయ, కాళ్ళు కాల్చి ఇస్తాడు.

మన ప్రాంతంలో తెలియనివాళ్ళుండరు కానీ, బయటివాళ్ళ కోసం చెప్తున్నా. మేక తలకాయ, కాళ్ళ మీద వెంట్రుకలు పోవాలంటే కాల్చాలి. వెనకటికి ఇంటి ముందు కట్టెల మంట వేసి, కాలుస్తూ, కత్తితో గీకుతూ, మళ్ళీ కాలుస్తూ సగం రోజు ఆ పనే. ఇప్పుడు బజార్లో గ్యాస్ గన్నుతో కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. నేను నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డా. ఎందుకంటే గ్యాస్ మీద కాల్చటం అమెరికా విద్య అనుకుని నేను 'ఎలా చెయ్యాలి' వీడియోలు చూస్తుంటే, మా సూర్యాపేటలో ఆయన ప్రతి ఆదివారం పదుల తలకాయలు ఒక్క చోట మాడకుండా కాలుస్తున్నాడు.

ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగట్లేదు. మంట నీలంగా ఉంది. పసుపు రంగు కొస తలకాయకి తగలనివ్వట్లేదు. చెవుల దగ్గరికొచ్చేసరికి గన్ను వెనక్కి జరిపాడు, దవడ దగ్గర ముందుకు తెచ్చాడు. అడిగితే, "పసుపు మంట తగిలితే మసి పడుతది సార్. ఒక్కకాడనే ఆపితే తోలు పగులుతది, లోపల పచ్చిగనే ఉంటది," అన్నాడు.

నా జూలై 4 పోస్ట్‌మార్టం రిపోర్టు ఆయన ఒక్క ముక్కలో ఇచ్చేశాడు.

*

సరే, గ్యాస్ మన దాకా ఎలా వచ్చిందో కూడా చూద్దాం. ఇక్కడే అమెరికా కథ, మన కథ విడిపోతాయి.

మన దేశంలో వంట గ్యాస్ సిలిండర్లు 1955లో బొంబాయిలో బర్మా షెల్ అమ్మకంతో మొదలయ్యాయి. ఇండేన్ 1965లో కలకత్తాలో మొదటి కనెక్షన్ ఇచ్చింది. తర్వాత చాలా ఏళ్ళు గ్యాస్ అంటే పట్నం సరుకే. పల్లెల్లో కట్టెలు, పిడకలు, ఊక. కాస్త ఉన్నవాళ్ళకి కిరసనాయిలు వత్తుల స్టవ్వు, పంపు స్టవ్వు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం వచ్చింది. పేదింటి ఆడవాళ్ళకి, డ్వాక్రా సంఘాల్లో ఉన్నవాళ్ళకి, ప్రభుత్వం డిపాజిట్ కట్టి కనెక్షన్ ఇప్పించింది. అప్పుడు నాకు రెండేళ్ళు. మా అమ్మ పొయ్యి మారింది ఆ పథకంతోనే.

మారింది అన్నా గానీ పూర్తిగా మారలేదు. తర్వాత జరిగిన సర్వేల్లో తేలింది ఏంటంటే, కనెక్షన్లు వచ్చాయి కానీ సిలిండర్లు అంతగా నింపించుకోలేదు. టీకి, చుట్టాలొస్తే, వర్షం పడితే గ్యాస్. రోజువారీ అన్నం కట్టెల మీదే. మా ఇంట్లోనూ అంతే. "అయిపోతదేమోనని భయం. మళ్ళ నింపిచ్చాలంటే పైసలెక్కడివి?" అంది అమ్మ. 2016 మే 1న కేంద్రం మొదలుపెట్టిన ఉజ్వల పథకం కూడా ఇదే గోడని గుద్దుకుంది. ఇన్‌స్టలేషన్ ఫ్రీ, రెన్యువల్ మాత్రం మన జేబులోంచి అన్నట్టు. ఆ రెన్యువల్ బరువు తగ్గించటానికే తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో 500 రూపాయల సిలిండరు వచ్చింది.

అమెరికాలో సంగతి వేరు. అక్కడ వంటింట్లో గ్యాసో కరెంటో అప్పటికే స్థిరపడింది. 1960ల మొదట్లో ఆర్కాన్సా లూసియానా గ్యాస్ కంపెనీలో అమ్మకాలు చూసే ఒకాయన తన గ్యారేజీలో బొగ్గుల గ్రిల్లుని గ్యాస్‌తో నడిచేలా మార్చాడు. ఎందుకు? ఇంకాస్త గ్యాస్ అమ్ముకోవటానికి. 1985లో వచ్చిన వెబర్ జెనెసిస్ మోడల్లో బర్నర్ల మీద గుడిసె కప్పులాగా వంచిన లోహపు పట్టీలు పెట్టారు. మాంసంలోంచి కారే కొవ్వు ఆ వేడి పట్టీల మీద పడి పొగగా మారి మళ్ళీ మాంసానికే పడుతుంది. బొగ్గుల రుచి వస్తుంది, బర్నరూ మూసుకుపోదు. ఇప్పుడు దాదాపు ప్రతి గ్రిల్లులోనూ అలాంటి ఏర్పాటు ఏదో ఒకటి ఉంటోంది.

అంటే గ్యాస్ అమెరికాలో సరదాకి పెరట్లోకి వెళ్ళింది. మన దగ్గర ఊపిరాడటానికి వంటింట్లోకి వచ్చింది. ఒకే సిలిండరు, రెండు చరిత్రలు.

*

ఇక మీలో ఎవరైనా గ్రిల్లు కొని నాలాగే బొగ్గులు చేస్తుంటే, ఈ మూడు ఊళ్ళ పాఠాలు గ్యాస్ గ్రిల్లులోకి ఎలా దించానో చెప్తా.

మొదటిది, కోదాడ పాఠం. మూడు బర్నర్లుంటే మూడూ వెలిగించి, మూత వేసి పది పదిహేను నిమిషాలు వేడెక్కనివ్వండి. తర్వాత ఒక పక్కది ఫుల్లు, మధ్యది సన్నం, ఇంకో పక్కది బంద్. ఎముక ఉన్న ముక్కలు ముందు బంద్ చేసిన వైపు. అవి నిదానంగా ఉడికాక, చివర్లో మాత్రం మంట వైపు తెచ్చి రంగు తెప్పించండి. అమ్మ కర్రతో నిప్పులు లాగింది, మనం నాబ్ తిప్పుతాం, అంతే తేడా.

రెండోది, మిర్యాలగూడ పాఠం. మూత ముయ్యండి. వదిలెయ్యండి. కోడి కాళ్ళకి బంద్ చేసిన వైపు దాదాపు 35, 40 నిమిషాలు పడుతుంది. బిల్డు నడుస్తుంటే పది సెకన్లకోసారి రిఫ్రెష్ కొడితే తొందరగా అయిపోతుందా? ఇదీ అంతే.

మూడోది, సూర్యాపేట పాఠం. మంట రంగు చూడండి. నీలంగా ఉంటే మంచిది. పసుపు ఎక్కువగా ఉంటే గ్యాస్‌కి గాలి సరిగ్గా కలవట్లేదని. బర్నర్ గొట్టాల్లో సాలెపురుగులు గూళ్ళు పెడతాయి, ముఖ్యంగా చలికాలమంతా మూసిపెట్టిన గ్రిల్లులో. బ్రష్‌తో శుభ్రం చెయ్యాలి. ఇక కొవ్వు పడి మంట ఎగిసిందా, నీళ్ళు చల్లకండి. ముక్కని పక్కకి జరపండి. చెయ్యి కదులుతూ ఉండాలి.

మసాలా విషయం. పెరుగు, అల్లం వెల్లుల్లి, కారం బాగానే ఉంటాయి. చక్కెర, తేనె మాత్రం చివరి ఐదు నిమిషాల్లో పూయండి, ముందే పెడితే మాడేది అవే. గ్రిల్లు మీద పెట్టేముందు ఎక్కువైన పెరుగు దులిపెయ్యండి. మాంసం ఎర్రగా కాలటాన్ని మెయిలార్డ్ చర్య అంటారు, ఫ్రెంచి శాస్త్రవేత్త 1912లో వర్ణించాడు. అది సుమారు 140 డిగ్రీల సెల్సియస్ దాటితే గానీ జోరందుకోదు. పైన తడి ఉన్నంతసేపూ వేడి నీళ్ళు మరిగించటానికే పోతుంది, 100 దాటదు. ఉడికిందా లేదా అన్నది రంగు చూసి కాదు, థర్మామీటర్ గుచ్చి చూడండి. కోడికి లోపల 165 ఫారెన్‌హీట్ (74 సెల్సియస్) రావాలి. కాళ్ళకైతే 175, 180 దాకా వెళ్తే కండ ఎముకని వదులుతుంది.

జాగ్రత్తల సంగతి. మన ఇళ్ళల్లో సిలిండరు 14.2 కిలోలు. ఇక్కడ గ్రిల్లుకి వాడేది 20 పౌండ్లు, సుమారు 9 కిలోల ప్రొపేన్. రెగ్యులేటర్ దాటాక ఒత్తిడి రెండు చోట్లా దాదాపు ఒకటే, అక్కడ 30 మిల్లీబార్లు, ఇక్కడ 28 దాకా. కాబట్టి "అమెరికా గ్యాస్ ఎక్కువ మండుతుంది" అనేది ఉత్త మాట. సిలిండరు వాల్వు మెల్లగా తిప్పండి. ఒక్కసారిగా తిప్పితే లీకనుకుని లోపలి సేఫ్టీ గ్యాస్‌ని తగ్గించేస్తుంది, గ్రిల్లు వేడెక్కదు. నాకు రెండుసార్లయింది, గ్రిల్లు పాడైందనుకుని వాపసు ఇవ్వబోయా కూడా. వెలిగించేటప్పుడు మూత తెరిచే ఉంచండి. గొట్టానికి సబ్బు నీళ్ళు రాసి బుడగలొస్తున్నాయేమో చూడండి. ఊళ్ళో సిలిండరు బిగించే అబ్బాయి చేసేది అదే. గ్యాస్‌కి ఆ కుళ్ళు వాసన సహజంగా ఉండదు, కావాలని కలుపుతారు. 1937 మార్చిలో ఇదే టెక్సాస్‌లో, న్యూ లండన్ అనే ఊరి బళ్ళో, వాసన లేని సహజ వాయువు లీకై పేలి 300 మంది దాకా చనిపోయారు. ఎక్కువమంది పిల్లలే. వాసన కలపాలన్న చట్టాలు ఆ తర్వాతే వచ్చాయి. కాబట్టి వాసనొస్తే విసుక్కోకండి, వెంటనే ఆపండి.

*

ఇక్కడితో ఆపెయ్యొచ్చు. కానీ అసలు సంగతి ఇంకోటుంది.

కనుమ రోజు ఆ పొయ్యి దగ్గర కూర్చుని నేను చాలా ఎమోషనల్ అయిపోయా. "అమ్మా, ఈ పొగ వాసన ఉంది చూడు, ఇక్కడ దీని కోసం డబ్బులిచ్చి చెక్క ముక్కలు కొనుక్కుంటారు. మన పొయ్యే గొప్పది. ఎందుకు వదిలేశారే ఇవన్నీ?" అన్నా.

అమ్మ కర్ర కింద పెట్టి నా వైపు చూసింది. "నువ్వు ఒక్కపూట కూసున్నవ్. కళ్ళెమ్మట నీళ్ళు కారుతున్నయ్. నేను ఇరవై ఏండ్లు కూసున్న," అంది. గొంతులో కోపం లేదు. అందుకే ఎక్కువ తగిలింది.

అమ్మకి ఇప్పటికీ చలికాలం దగ్గు ఉంటుంది. పొగ వల్లేనా అని నేను చెప్పలేను, డాక్టర్ని కాదు. కానీ వంటింటి పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది అకాలంగా చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఇంట్లో పొయ్యి దగ్గర ఎక్కువసేపు ఉండేది ఆడవాళ్ళు, వాళ్ళ ఒళ్ళో పిల్లలు. 'కట్టెల పొయ్యి రుచి' అని హైవే మీద బోర్డు పెట్టుకున్న హోటల్లో మనం లొట్టలేస్తాం. ఆ రుచి బిల్లు కట్టేది మాత్రం ఎప్పుడూ ఇంకొకరే.

ఇదీ కొత్త కాదు. నిజాం కాలంలో ఇదే సూర్యాపేట, హుజూర్‌నగర్, మిర్యాలగూడ తాలూకాల్లో వెట్టి నడిచింది. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాటం గురించి 1972లో రాసిన పుస్తకంలో ఏ కులంవాళ్ళు ఏం ఊరికే ఇవ్వాల్సొచ్చేదో వివరంగా ఉంది. దొరకి, వచ్చిపోయే అధికారులకి గొల్ల కుర్మలు గొర్రెలివ్వాలి, గీతవాళ్ళు కల్లు ఇవ్వాలి, కట్టెలు మోసేవాళ్ళు వేరే. గడిలో విందు జరిగిందంటే గొర్రె ఒకరిది, కట్టె ఒకరిది, చెమట ఇంకొకరిది. 1946 నుంచి 51 దాకా నల్గొండ జిల్లా తిరగబడ్డ కారణాల్లో ఆ వెట్టి కూడా ఒకటి. ఊళ్ళల్లో వెట్టి ఆగింది. వంటింట్లో మాత్రం అమ్మల వెట్టి ఇంకో యాభై ఏళ్ళు నడిచింది. దానికి ఏ దళమూ రాలేదు, ఒక సిలిండరు వచ్చింది.

అందుకే ఇప్పుడు నాకు గ్యాస్ గ్రిల్లంటే చిన్నచూపు లేదు. బొగ్గుల మీద చేస్తేనే అసలు రుచి, గ్యాస్ అంటే మోసం అని వాదించే మిత్రులున్నారు. ఉండనివ్వండి. మంటకీ నిప్పులకీ సెగకీ తేడా తెలియటమే నైపుణ్యం. అది కట్టెలోనూ లేదు, గ్యాస్‌లోనూ లేదు. మన అమ్మలు అది పొగలో నేర్చుకున్నారు. పొగ లేకుండా నేర్చుకునే అవకాశం మనకొచ్చింది. వాళ్ళ పొగని తలుచుకుని మురిసిపోవటం కంటే వాళ్ళ విద్యని నేర్చుకోవటం మంచిది.

మొన్న మే చివర్లో మెమోరియల్ డేకి మళ్ళీ అదే పదిమందిని పిలిచా. ముందు జాగ్రత్తగా ఇద్దరు భోంచేసే వచ్చారు :-) ఒక పక్క ఫుల్లు, ఒక పక్క బంద్, మూత మూసి 40 నిమిషాలు. చివర్లో మంట వైపు రెండేసి నిమిషాలు. పక్కనే నాలుగు పచ్చిమిరపకాయలు కూడా కాల్చి, చింతపండు, ఉల్లిపాయలతో పచ్చిపులుసు పిసికా. కాళ్ళు అన్నీ అయిపోయాయి. భోంచేసి వచ్చినవాళ్ళు కూడా మళ్ళీ తిన్నారు.

రాత్రి అమ్మకి ఫోటోలు పంపి ఫోన్ చేశా.

"మంచిగనే కాలినయ్," అంది. "పొగ రాలేదా?"

"వచ్చిందమ్మా కొంచెం. కొవ్వు పడితే వస్తుంది."

"ఎవరి మొఖాన కొట్టింది?"

"నా మొఖానే."

"మంచిగైంది," అని నవ్వి ఫోన్ నాన్నకిచ్చింది.